హైదరాబాద్ నుంచి వెళ్ళి ఆఫ్రికాలో గైడ్‌తో వార్ట్‌హాగ్ వేట: ఎంతవుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇది: వయసు 41, కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో పాయింట్ టూటూ రైఫిల్ కాల్చడం తప్ప అనుభవం లేదు. ఆఫ్రికా వెళ్ళి గైడ్‌తో ఒక్క వార్ట్‌హాగ్ (కోరలుండే ఆఫ్రికా అడవిపంది) వేట చేసి రావాలంటే మొత్తం ఎంత పెట్టుకోవాలి, ఏ దేశం, ఏ నెల, కోరలు ఇంటికి తెచ్చుకోవచ్చా?

ముందు జవాబు చెప్పేస్తాను. ఒక్కరే వెళ్తే, దక్షిణాఫ్రికాలో అయిదు రోజుల వేటకు, విమానం టికెట్‌తో కలిపి నాలుగున్నర లక్షలు పక్కన పెట్టండి. మే చివరి నుంచి ఆగస్టు మధ్యలో వెళ్ళండి. రైఫిల్ అక్కడే అద్దెకు తీసుకోండి. కోరల మీద మాత్రం ఆశ వదులుకోండి, అవి శంషాబాద్ దాటి మీ ఇంటికి రావు.

నేను మూడుసార్లు వెళ్ళాను. 2014లో నమీబియా, 2018లో లింపోపో, 2023లో ఈస్టర్న్ కేప్ (ఈ రెండూ దక్షిణాఫ్రికాలోని రాష్ట్రాలు). బతుకుదెరువు లారీల ఆఫీసు, వేట నా వృత్తి కాదు. మూడు ట్రిప్పుల్లో రెండింటిలో డబ్బు తప్పుగా ఖర్చుపెట్టాను కాబట్టి ఈ విషయంలో కాస్త మాట్లాడే హక్కు ఉందనుకుంటున్నాను.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. వెబ్‌సైట్లో "వార్ట్‌హాగ్: 400 డాలర్లు" అని చూసి, ముప్పై ఆరు వేల రూపాయలే కదా అని లెక్క మొదలుపెడతారు. పంది చవకే. మీరు కట్టేది పందికి కాదు, రోజులకు. గైడు, ట్రాకరు (జంతువు జాడ పట్టేవాడు), బండి, గది, మూడు పూటల తిండి, ఇవన్నీ కలిపి రోజుకింత అని "డైలీ రేట్" వేస్తారు. ఒక్క మనిషికి ఒక్క గైడు అయితే నేను చూసిన కొటేషన్లన్నీ 250 నుంచి 450 డాలర్ల మధ్యే ఉన్నాయి. జంతువు పడినప్పుడు కట్టేది "ట్రోఫీ ఫీజు", అది వేరే. వార్ట్‌హాగ్‌కు 250 నుంచి 600 దాకా అడుగుతారు.

ఈ మధ్య మా మేనల్లుడి కోసం ఒక కొటేషన్ తెప్పించాను. అది అలాగే ఇక్కడ పెడుతున్నా, డాలర్‌కు 90 రూపాయలు వేసుకుని. డైలీ రేటు 350, అయిదు రోజులకు 1,750. దాని మీద అక్కడి వ్యాట్ 15 శాతం, 262. పందికి 400. రైఫిల్ అద్దె రోజుకు 40 చొప్పున 200, తూటాలు ఇరవైకి 60. జోహన్నెస్‌బర్గ్ ఎయిర్‌పోర్టు నుంచి ఫారానికి (వేట జరిగే ప్రైవేటు భూమి) రానూపోనూ బండి 300. టిప్పులు 300. మొత్తం 3,272 డాలర్లు, అంటే దాదాపు రెండు లక్షల తొంభై అయిదు వేలు. దీనికి టికెట్ ఎనభై వేలు, వీసా, ఇన్సూరెన్స్, టీకా కలిపి ఇరవై వేలు, జోహన్నెస్‌బర్గ్‌లో ఒక రాత్రి గది, తిండి పదివేలు కలపండి. నాలుగు లక్షల అయిదు వేలు అయింది కదా. మిగతా నలభై అయిదు వేలు ఎందుకంటే, అక్కడొక నియమం ఉంది: రక్తం కనబడితే డబ్బు కట్టాలి. మీ తూటా తగిలి జంతువు దొరక్కుండా పోయినా ట్రోఫీ ఫీజు పూర్తిగా మీదే. ఇంకో పంది కావాలంటే ఇంకో ఫీజు. మొదటిసారి వెళ్ళేవాడి బడ్జెట్లో ఈ ఒక్క వరుస ఎప్పుడూ ఉండదు, నాదాంట్లోనూ లేదు.

ఇద్దరు కలిసి వెళ్తే ఒకే గైడును పంచుకోవచ్చు, తలా రోజుకు వంద డాలర్ల దాకా మిగులుతుంది. వార్ట్‌హాగ్ లాంటి జంతువుకు అది నడుస్తుంది, రోజుకు రెండు మూడు అవకాశాలు వస్తాయి. కానీ ఆ రెండోవాడు మీ బావమరిదో, తెల్లవారి నాలుగున్నరకు లేవలేని ఫ్రెండో అయితే వద్దు. ఒకరు ఆలస్యమైతే ఇద్దరి పొద్దూ పోతుంది.

కోరల సంగతి ఇప్పుడే తేల్చుకుందాం, ఎందుకంటే మిగతా ఖర్చు దీని మీద ఆధారపడి ఉంది. మన ఊళ్ళో వేట అనగానే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, రాజా దీన్‌దయాళ్ తీసిన షికారు ఫోటోలు, పాత హవేలీల గోడల మీద తలలు గుర్తొస్తాయి. మన తెలుగులో షికారు అంటే సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద తిరిగి రావడం కూడా. నా సలహా ఏమంటే ఆ రెండో అర్థంలోనే వెళ్ళి రండి. వార్ట్‌హాగ్ సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే ఒప్పందం) జాబితాలో లేదు, కాబట్టి ఎగుమతి సులువు అని ఏజెంట్లు చెప్తారు. ఆ దేశం నుంచి బయటికి పంపడం నిజంగానే పెద్ద కష్టం కాదు. కష్టమంతా ఇటువైపు. మన కస్టమ్స్ రూల్స్‌లో వన్యప్రాణుల శరీర భాగాలు ప్రయాణికుల సామానులో తేవడం నిషేధం. బ్యాగులో కోర, తోలు, ఎముక, ఏది దొరికినా సమస్యే. కార్గోలో అయినా అనుమతుల చుట్టూ తిరిగే ఓపిక, లాయరుకు కట్టే డబ్బు, రెండూ ఉండాలి.

తేలేనిదాని మీద ఖర్చెందుకు అనుకున్నాక మాత్రం బిల్లు భలే తగ్గుతుంది. తోలును మందులో ముంచి ప్యాక్ చేయడం, ట్యాక్సిడెర్మీ (తలను, తోలును బొమ్మలా నిలబెట్టడం), క్రేటు, విమానంలో పంపడం, ఇవన్నీ మన బిల్లులోంచి పోతాయి. అమెరికా వాళ్ళకు ఈ భాగమే పంది ధర కంటే ఎక్కువవుతుంది. 2014లో నాకు ఈ తెలివి లేదు. పుర్రె శుభ్రం చేయించి, కోరలు పాలిష్ పట్టించి, అంతా అయ్యాక ఇండియాకు పంపలేమని తెలిసింది. డబ్బు తిరిగి రాలేదు. ఆ పుర్రె ఇప్పటికీ ఆ ఫారంలో బార్ కౌంటర్ వెనక ఉందట. ఇంకో చిన్న మెలిక ఉంది, ట్రోఫీ ఎగుమతి చేయకపోతే ఆ ట్రోఫీ ఫీజు మీద కూడా వ్యాట్ వేస్తామనే వాళ్ళున్నారు. "ట్రోఫీ తీసుకెళ్ళను, మొత్తం వ్యాట్‌తో కలిపి ఎంత" అని మొదటి మెయిల్లోనే అడిగి, జవాబు రాతలో తెప్పించుకోండి.

అసలు ఇది చట్టబద్ధమేనా అని కింద ఒకాయన అడిగారు. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మన దేశానికి వర్తిస్తుంది. ఇక్కడ వేట లేదు. పంట పాడుచేసే అడవిపందిని కాల్చాలన్నా అధికారుల అనుమతి, వాళ్ళు ఒప్పుకున్న షూటరు ఉండాలి. ఆదిలాబాద్‌లో మాకు తెలిసినవాళ్ళున్నారు, ఒక రాత్రి తీసుకెళ్తాం అని ఎవరైనా చెప్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. దక్షిణాఫ్రికాలో, నమీబియాలో అక్కడి లైసెన్సుతో, అక్కడి గైడుతో చేసేది అక్కడి చట్టం కింద మామూలు వ్యవహారం.

దేశం ఎంపిక. కెన్యా పేరు ఎత్తకండి. మనవాళ్ళకు సఫారీ అంటే మసాయి మారా, కానీ అక్కడ 1977 నుంచి వేట నిషేధం. టాంజానియా గొప్పదే, ప్రభుత్వ ఫీజులతో కలిపి అది ఇంకో మెట్టు పైన, ఒక్క పంది కోసం కాదు. మిగిలేవి దక్షిణాఫ్రికా, నమీబియా.

ఈ రెండు దేశాల్లోనూ విదేశీయుడు లైసెన్సున్న గైడు లేకుండా ట్రోఫీ వేట చేయకూడదు. దక్షిణాఫ్రికాలో ప్రొఫెషనల్ హంటర్ అంటారు, అందరూ పీహెచ్ అనే పిలుస్తారు. అతను కాక, వేటను అమ్మే అవుట్‌ఫిట్టర్‌కు వేరే లైసెన్సు ఉంటుంది. రెండూ అడగండి. వేట మొదలవక ముందే ఒప్పందం మీద సంతకాలు కావాలి, జంతువుల పేర్లు, ధరలు రాసే ఒక రిజిస్టరు కూడా ఉంటుంది. "చివర్లో చూసుకుందాం లే" అనేవాడితో మన లారీ బిజినెస్‌లోనే పని పెట్టుకోం, అక్కడ మాత్రం ఎందుకు? నమీబియాలో ట్రోఫీ సీజన్ ఫిబ్రవరి 1 నుంచి నవంబర్ 30 వరకు, పర్మిట్ మీ పేరు మీద ముందే తీస్తారు. ఆ పర్మిట్ లేకుండా తుపాకీ ముట్టుకోవద్దు, ఫారం యజమాని ఎంత మంచివాడైనా సరే.

డబ్బు కోణంలో చూస్తే ఈస్టర్న్ కేప్, నమీబియా ఫారాలు చవక. దానికో కారణముంది. ఈస్టర్న్ కేప్‌లో వార్ట్‌హాగ్ అసలు స్థానిక జంతువు కాదు, తర్వాత తెచ్చి వదిలారు, అది విపరీతంగా పెరిగింది. నమీబియాలో స్థానికమే అయినా పశువుల ఫారం వాళ్ళకు దాన్ని చూస్తే ఒళ్ళుమంట. కంచె కింద బొరియ తవ్వుతుంది, ఆ సందులోంచి నక్కలు, చీతాలు లోపలికొస్తాయి. అందుకని కోరలు చిన్నగా ఉన్నవాటిని, కోర విరిగినవాటిని మేనేజ్‌మెంట్ హంట్ పేరుతో సగం ధరకు, ఒక్కోసారి అంతకంటే తక్కువకు ఇస్తారు. కోరలు ఎలాగూ ఇంటికి రానప్పుడు పన్నెండు అంగుళాలా ఏడు అంగుళాలా అని మనకెందుకు? రోలండ్ వార్డ్ రికార్డు పుస్తకంలోకి ఎక్కడానికి 13 అంగుళాలు కావాలి, దాని కోసం రోజులు పెంచుకుంటూ పోతారు కొందరు. నా మూడో ట్రిప్‌లో నేను తీసుకున్నది ఒక కోర విరిగిన ముసలి పోతు. నాకు బాగా నచ్చిన వేట అదే.

ఎప్పుడు? వాళ్ళ చలికాలం మన వానాకాలం. జూన్, జులైలో గడ్డి ఎండి పడిపోతుంది, నీళ్ళు తక్కువ, జంతువులు గుంటల దగ్గరికి వస్తాయి, కనబడతాయి. వార్ట్‌హాగ్ పగటి జంతువు, రాత్రంతా బొరియలో పడుకుని ఎండ కాస్త ఎక్కాక బయటికొస్తుంది. కాబట్టి ఇది ఇతర వేటల కంటే సుఖం. అయినా క్యాంపులో అందరూ చీకటితోనే లేస్తారు, మీరూ లేవాలి. దసరా సెలవుల్లో వెళ్దామని పిల్లలతో ప్లాన్ వేయకండి. అక్టోబర్ అంటే అక్కడ ఎండలు ముదిరే కాలం, ఆ తర్వాత వానలు, ఆడవి పిల్లల్ని పెట్టే సమయం. గైడుకే ఇష్టముండదు.

ఆఫ్రికా కదా, ఎండ అనుకుని నేను 2014లో రెండు కాటన్ చొక్కాలతో వెళ్ళాను. తెల్లవారి బక్కీ వెనక నిలబడితే చెవులు ఊడిపోతాయేమో అనిపించింది (బక్కీ అంటే వాళ్ళ పికప్ బండి). మంకీ క్యాప్, ఉన్ని స్వెటరు, చేతి గ్లౌజులు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దొరికేవే చాలు, బ్రాండెడ్ వేట బట్టలకు ఇరవై వేలు తగలెయ్యకండి. బూట్లు మాత్రం మంచివి, ఇంట్లో నెల రోజులు వేసుకుని తిరిగినవి.

ఇక తుపాకీ. మీకు లైసెన్సు లేదు, తీసుకోవాలని ప్రయత్నించొద్దు కూడా. ఉన్నవాళ్ళు సైతం విమానంలో తీసుకెళ్ళడానికి ఇక్కడి అనుమతులు, మధ్యలో దిగే దేశపు అనుమతి, అక్కడ పోలీసుల ఎస్‌ఏపీఎస్ 520 ఫారం, ఇవన్నీ దాటాలి. నాకు లైసెన్సుంది, ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు. క్యాంపు రైఫిల్ .308 గానీ .270 గానీ ఉంటుంది, దానికో స్కోప్, చాలాచోట్ల సైలెన్సర్ కూడా. మీకు కావాల్సింది అంతకంటే ఏమీ లేదు.

కావాల్సిందల్లా ప్రాక్టీసు. ఇక్కడ పెద్ద క్యాలిబర్ కాల్చే అవకాశం మనలాంటివాళ్ళకు దొరకదు. హెచ్‌సీయూ దగ్గరున్న షూటింగ్ రేంజ్‌లో ఎయిర్ రైఫిల్ నేర్చుకోండి, మూడు నెలలు, వారానికి రెండు సార్లు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ వేటకేం పనికొస్తుంది అంటారు. ట్రిగ్గర్ మీద వేలు ఎలా పెట్టాలి, ఊపిరి ఎక్కడ ఆపాలి, పేలాక కూడా తల ఎత్తకుండా ఉండడం ఎలా, ఇవన్నీ అక్కడే వస్తాయి. ఇంట్లో మూడు చీపురు కర్రలు రబ్బరుతో కట్టి త్రిపాదిలా నిలబెట్టండి. అక్కడ నిలబడి, కర్రల మీద రైఫిల్ ఆన్చి కాలుస్తారు, పడుకుని కాదు. నేను మా డాబా మీద వైపర్ కర్రతో ఆ కర్రల మీద గంటలు గంటలు సాధన చేశాను. పక్కింటివాళ్ళు మా ఆవిడను పక్కకు పిలిచి ఆరా తీశారు.

ఎందుకింత చెప్తున్నానంటే, 2014లో జరిగింది ఇది. రెండో రోజు మధ్యాహ్నం, పశువుల తొట్టి దగ్గర, ఎనభై మీటర్లు. పోతు ముందు మోకాళ్ళ మీద వంగి గడ్డి తవ్వుకుంటోంది, వార్ట్‌హాగ్ తినేదే అలా. లేచి పక్కకు తిరిగింది. నేను ఫోటోల్లో జింకను చూసిన అలవాటుతో ఒంటి మధ్యలోకి గురిపెట్టాను. దీని వీపు మీద పొడుగాటి జూలు ఉంటుంది, దానివల్ల ఒళ్ళు ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. గుండె మాత్రం బాగా కింద, ముందు కాలికి దగ్గరగా ఉంటుంది. ముందు కాలు వెంట పైకి వచ్చి, ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర ఆగాలి. నా తూటా అంతకంటే జానెడు పైకి పోయింది. అది కూలింది, లేచింది, రెండొందల మీటర్లు పరుగెత్తి ఆర్డ్‌వార్క్ (చెదపురుగులు తినే జంతువు) తవ్విన పాత బొరియలోకి దూరింది.

నేను బొరియ వైపు ఉరికాను. ట్రాకర్ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు, లాగడమంటే కింద పడేంతగా. వార్ట్‌హాగ్ బొరియలోకి వెనక్కి నడిచి దూరుతుంది, మొహం, కోరలు బయటి వైపు పెట్టి కూర్చుంటుంది. పైకి కనబడే కోరలు పెద్దవే కానీ కోసేది కింది జత, పై కోరలకు రాసుకుని రాసుకుని కత్తుల్లా ఉంటాయి. నేను ఎదురుగా నిలబడి ఉంటే తొడ చీరుకుపోయేది. చీకటి పడింది. గైడు రాళ్ళతో గుర్తు పెట్టి, పొద్దున చూద్దాం అన్నాడు. ఆ రాత్రి క్యాంపులో మంచి భోజనం పెట్టారు, నేను ముద్ద మింగలేదు. నేను చేసిన తప్పుకు ఒక ప్రాణం చీకట్లో నేల కింద ఎంతసేపు బాధపడిందో నాకు తెలియదు. పొద్దున ముగ్గురు మనుషులు రెండు గంటలు వెనక వైపు నుంచి తవ్వితే దొరికింది, చనిపోయి ఉంది. ఫీజు కట్టాను, తవ్వినవాళ్ళకు విడిగా ఇచ్చాను. అందుకని మీ నాలుగున్నర లక్షల్లో ఎయిర్ రైఫిల్ కోచింగ్ ఫీజును వేట ఖర్చుగానే రాసుకోండి. అది తగ్గించి మిగిలినది ఎక్కడా మిగలదు.

అక్కడికి వెళ్ళిన మొదటి సాయంత్రం వంద మీటర్ల టార్గెట్ మీద కాల్పిస్తారు. సిగ్గుపడకుండా పది తూటాలు అడగండి. భుజానికి దెబ్బ అలవాటవ్వాలి. గైడు "ఇప్పుడు" అనేదాకా ఆగండి, ఆడదా మగదా తేల్చేది అతనే. పోతుకు మొహం మీద రెండు జతల బుడిపెలుంటాయి, ఆడదానికి ఒక్క జతే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తోక జెండాలా నిలబెట్టి పరుగెత్తేటప్పుడు కాల్చమని ఏ మంచి గైడూ చెప్పడు, చెప్తే మీరే వద్దనండి.

డబ్బు పంపడం. సాధారణంగా 30 నుంచి 50 శాతం అడ్వాన్సు అడుగుతారు. బ్యాంకులో ఏ2 ఫారం, పాన్, ఇన్వాయిస్ ఇస్తే ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వ్ బ్యాంక్ పథకం) కింద పంపుతారు. ఏడాదికి మనిషికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి, మన లెక్క దాని దరిదాపుల్లో కూడా లేదు. టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) రేటు బడ్జెట్ బడ్జెట్‌కూ మారుతోంది, టూర్ ప్యాకేజీగా పంపితే ఒకలా, వేరే విధంగా పంపితే ఇంకోలా ఉంటుంది, ఆ రోజు రేటు మీ సీఏను అడగండి. అది రిటర్నులో సర్దుబాటయ్యే డబ్బే, కానీ నెలల తరబడి చేతిలో ఉండదు. చేతి ఖర్చుకు, టిప్పులకు డాలర్ నోట్లు ఇక్కడే తీసుకోండి. ఒక ట్రిప్పుకు మూడు వేల డాలర్ల దాకా నగదుగా ఇస్తారు, మీకు అయిదు వందలు చాలు, చిన్న నోట్లలో.

ఒక జాగ్రత్త. 2018లో అడ్వాన్సు పంపే ముందు రోజు "మా బ్యాంకు అకౌంట్ మారింది" అని మెయిల్ వచ్చింది. పేరు అదే, భాష అదే. ఎందుకో అనుమానమొచ్చి వీడియో కాల్ చేశాను. వాళ్ళు పంపలేదు, ఎవరో వాళ్ళ మెయిల్లోకి దూరారు. అకౌంట్ నంబరు ఫోన్లో, మనిషి మొహం చూస్తూ, చదివించుకోకుండా రూపాయి పంపకండి.

వాపసు షరతులు కూడా చదవండి. వీసా రాకపోతే అడ్వాన్సు వచ్చే ఏడాదికి జరుపుతారా, మింగేస్తారా? దక్షిణాఫ్రికా వీసాకు వీఎఫ్‌ఎస్‌లో (వీసా దరఖాస్తులు తీసుకునే కంపెనీ) దరఖాస్తు, అవుట్‌ఫిట్టర్ ఆహ్వాన పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాస్‌పోర్టులో రెండు ఖాళీ పేజీలు. రెండు నెలల ముందే వేయండి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో పోవాలి. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా చవగ్గా దొరికితే ఆ మిగులును చూసి సంబరపడే ముందు ఎల్లో ఫీవర్ సంగతి ఆలోచించండి. ఆ దేశాల మీదుగా వచ్చినవాళ్ళను దక్షిణాఫ్రికాలో టీకా కార్డు అడగొచ్చు, తిరిగి వచ్చేటప్పుడు మనవాళ్ళు ఇంకా గట్టిగా అడుగుతారు, లేకపోతే క్వారంటైన్. నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) టీకా వేస్తారు, వేసుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది.

ఇన్సూరెన్స్ పాలసీల్లో చాలావాటికి తుపాకీతో చేసే వేట మినహాయింపుల్లో ఉంటుంది. ఏజెంటు నోటి మాట వద్దు, మెయిల్ పెట్టి అడగండి. ఫారం నుంచి ఆసుపత్రికి మూడు గంటల దూరం ఉండొచ్చు, తరలింపు ఖర్చు కవరయ్యేది తీసుకోండి. మలేరియా లింపోపో లోతట్టు ప్రాంతాల్లో ఉంది, చలికాలంలో తక్కువ. ఈస్టర్న్ కేప్‌లో ఆ బాధ లేదు. పిడుదులు మాత్రం అన్నిచోట్లా ఉన్నాయి. ప్యాంటు సాక్సులోకి దోపుకోండి, సాయంత్రం స్నానం ముందు ఒళ్ళంతా చూసుకోండి. నాకు 2018లో పిడుదు కాటుతో జ్వరం వచ్చింది, హైదరాబాద్ వచ్చిన నాలుగో రోజు. ఆఫ్రికా వెళ్ళొచ్చానని డాక్టరుకు మొదటే చెప్పాను కాబట్టి డాక్సీసైక్లిన్‌తో తగ్గింది. చెప్పకపోతే డెంగీ టెస్టుల చుట్టూ తిరిగేవాణ్ణి.

మాంసం గురించి అడగలేదు గానీ చెప్తాను. ఆ మాంసం ఫారం వాళ్ళదే, పనివాళ్ళకు పోతుంది, మీకు ఒక పూట వండిపెడతారు. పక్కటెముకలు నిప్పుల మీద, బాగా కాల్చి. కొవ్వు తక్కువ, మన ఊరి పంది కంటే రుచి వేరు. తినకపోతే ముందే చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. నాతో రెండోసారి వచ్చిన పాతబస్తీ మిత్రుడు అయిదు రోజులూ పప్పు, కోడిగుడ్లతో గడిపాడు, వేటకు మాత్రం ముందు వరస. కానీ ఆ మాంసంగానీ, ఎండబెట్టిన బిల్టాంగ్‌గానీ సంచిలో వేసుకోకండి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్ ఈ వార్ట్‌హాగ్‌లలో, వాటి బొరియల్లోని పిడుదుల్లో నిలవ ఉంటుంది. వాటికి ఏమీ కాదు, మన పెంపుడు పందులకు సోకితే మందలు మందలే పోతాయి. 2020లో అస్సాంలో ఏం జరిగిందో పందులు పెంచేవాళ్ళకు తెలుసు. బూట్ల మట్టి కూడా అక్కడే కడిగి రండి.

మీ ఆవిడ ఒప్పుకోవట్లేదని చివర్లో రాశారు. మా ఆవిడా ఒప్పుకోలేదు. 2018లో వెంట తీసుకెళ్ళాను, అబ్జర్వర్‌గా (వేటాడకుండా తోడు వచ్చే మనిషి) రోజుకు 150 డాలర్లు. నేను కాల్చేటప్పుడు రాలేదు, నీటి గుంట దగ్గర మచాన్‌లో (మంచె) కూర్చుని జిరాఫీలను చూసింది. ఇప్పటికీ వేట నచ్చదు, ఆ మచాన్ మాత్రం మళ్ళీ చూడాలంటుంది. మీకు బడ్జెట్ ఉంటే ఆ దారి చూడండి, లేకపోతే బలవంతపెట్టకండి.

టిప్పులు ఎవరికెంత అన్నదానికి రాతలో రూలేం లేదు. నేను 300లో సగం గైడుకు, మిగతాది ట్రాకరుకు, తోలు తీసేవాళ్ళకు, వంటామెకు పంచుతాను, కవర్లలో, చేతికి. ట్రాకరును మరిచిపోకండి. నా తొడ ఇప్పుడు ఒకే ముక్కగా ఉందంటే ఆయన చలవే.

ఆఖరిగా, తిరిగొచ్చే రోజు. 2023లో గుర్తుగా ఉంటుందని పేలిన తూటా ఖాళీ డొల్ల ఒకటి జాకెట్ జేబులో వేసుకున్నాను. దాని సంగతే మరిచిపోయాను. జోహన్నెస్‌బర్గ్‌లో హోటల్ గదిలో జాకెట్ మడతపెడుతుంటే టక్కుమని కింద పడింది. ఎయిర్‌పోర్టు స్క్రీనింగ్‌లో ఖాళీ డొల్ల కనబడినా ఫ్లైటు పోవచ్చు, మన దగ్గర అయితే పోలీస్ స్టేషన్ దాకా పోతుంది వ్యవహారం. రిసెప్షన్లో ఇచ్చి, ఫారం డ్రైవరుకు ఫోన్ చేసి తీసుకెళ్ళమన్నాను. మీరు ప్యాకింగ్ అయ్యాక ప్రతి జేబూ తిరగేయండి, వేట ప్యాంటు మోకాలి జేబులతో సహా. బ్యాగు అడుగున కూడా ఒకసారి చేయి పెట్టి చూడండి.